సముద్రానికి తూము ఎక్కడ?

ఆ రోజుల్లో మా మెట్ట ప్రాంతంలో నీళ్ళ విలువ గురించి ఎవరూ ఎవరికీ పాఠాలు చెప్పాల్సిన పని ఉండేది కాదు. జగ్గయ్యపేటలో మా వీధి చివర కుళాయి ముందు తెల్లారకముందే బిందెలు వరసగా కూర్చునేవి. మనుషులు లేకపోయినా ఆ వరస చెడేది కాదు (ఒక్కసారి మాత్రం మా సత్తు బిందెని ఎవరో వెనక్కి జరిపారని మా అమ్మ మూడు నెలలు పక్కింటివాళ్ళతో మాట్లాడలేదు). బావిలో నీళ్ళు ఎంత లోతున ఉన్నాయో చేద తాడు తడి చూసి చెప్పగలిగేవాళ్ళం. అంటే, తోడుకునే నీళ్ళ గురించి నాకు తెలియనిది లేదు. తమంతట తాము పారే నీళ్ళ గురించి మాత్రం ఏమీ తెలియదు. దానికి కారణం నేను పుట్టినప్పుడు జాతకం రాసిన పెద్దాయన. చివరి కాగితంలో జాగా మిగిలిందో ఏమో, "జలగండం కలదు" అని ఒక ముక్క రాసి పోయాడట. ఆ ముక్క పుణ్యమా అని ఇరవై రెండేళ్ళు వచ్చేదాకా మా అమ్మ నన్ను ఏటి ఛాయలకి పోనివ్వలేదు. స్నానాలకని ముక్త్యాల వెళితే అందరూ కృష్ణలో మునుగుతుండగా నన్ను మెట్ల మీద బట్టల మూటల పక్కన కూర్చోబెట్టి, చెంబుతో నెత్తిన నీళ్ళు పోసి, "నీకు ఇదే కృష్ణ" అనేది. అలాంటి నేను పంతులమ్మనయ్యాక, చేరిన రెండో నెలలోనే పిల్లలకి చెప్పాల్సి వచ్చిన పాఠం పేరు 'జలభాగాలు'.

ఉద్యోగం నందిగామకి కాస్త ఎడంగా, మున్నేటి ఒడ్డున ఉన్న ఒక ఊళ్ళో. ఏడో తరగతి దాకా ఉన్న బడి అది. సోషల్ మాస్టారు ఒకాయన దీర్ఘకాలం సెలవు పెడితే ఆ ఖాళీలో నన్ను వేశారు. ఎనభైల మొదట్లో సంగతి. పేట నుంచి నందిగామ దాకా ఎర్రబస్సు, అక్కడి నుంచి నడక, అదృష్టం బాగుంటే ఎవరిదైనా ఎడ్లబండి. మా హెడ్మాస్టరు గారిని పిల్లలు 'ముక్కల మాస్టారు' అనేవాళ్ళు. ఆయన ప్రతి సుద్దముక్కనీ మూడుగా విరిచి, రోజుకి ఒక్కొక్కరికి ఒక ముక్క చొప్పున ఇచ్చేవారు. ఆ ముక్కతోనే భూగోళం, చరిత్ర, పౌరశాస్త్రం అన్నీ గడవాలి. అందుకని నేను బోర్డు మీద ఎక్కువ రాసేదాన్ని కాదు, నోటితోనే చెప్పించేదాన్ని. "రెండు పెద్ద జలభాగములను కలుపు సన్నని జలభాగమును జలసంధి అందురు" అని నేనంటే, ఇరవై నాలుగు గొంతులు "అందురూ" అని సాగదీసేవి. వినడానికి ఎంతో బాగుండేది. మర్నాడు ఒక పిల్లాణ్ణి లేపి "జలసంధి అంటే ఏమిట్రా?" అని అడిగితే, వాడు చేతులు కట్టుకుని ధైర్యంగా, "సవర్ణదీర్ఘ సంధి అండి" అన్నాడు.

నేను తల పట్టుకుని కూర్చున్న ఆ సమయంలోనే మూడో వరసలో ఒక పిల్ల లేచింది. వాళ్ళ నాన్న ఊళ్ళో రైతుల పొలాలకి నీళ్ళు కట్టేవాడు. ఏ మడికి ఎప్పుడు గండి కొట్టాలో, ఎప్పుడు పూడ్చాలో అతను చెప్పిందే మాట. పన్నెండేళ్ళుంటాయేమో ఆ పిల్లకి, పాదాలకి ఎప్పుడూ ఆరిపోయిన బురద ఉండేది.

"టీచర్, సముద్రానికి తూము ఎక్కడుంటదండి?"

"తూమా?" అన్నాను.

"అవునండి. మా చెరువుకి రెండు తూములున్నయ్యండి, పొలాలకి నీళ్ళు వదలటానికి. సముద్రానికి తూము లేకపోతే అన్ని నీళ్ళు ఏం చేసుకుంటారండి? పోనీ, నిండిపోతే అలుగు ఎటు పారుద్దండి? మునేరు పోయి కిష్ణలో పడుద్ది, కిష్ణ పోయి సముద్రంలో పడుద్ది అన్నారు గదండీ మీరు. ఎప్పుడూ పడతానే ఉంటే మరి నిండదాండి?"

తరగతి మొత్తం నా వైపు చూసింది. చెరువు నిండితే మిగులు నీళ్ళు పొర్లిపోయే అలుగు ఏ ఊరి చెరువుకి ఎటు ఉందో ఆ పిల్లలందరికీ తెలుసు. అలుగు లేని చెరువు కట్ట తెగుతుందనీ తెలుసు. నా పుస్తకంలో సముద్రానికి లోతు ఉంది, వైశాల్యం ఉంది, అలుగు లేదు. "అది రేపు చెప్తా" అన్నాను (ఉపాధ్యాయ శిక్షణలో నేను నిజంగా నేర్చుకున్నది ఆ ఒక్క వాక్యమే). ఆ పిల్ల కూర్చోలేదు.

"మీరు సముద్రం చూసారాండి?"

లేదని చెప్పడానికి ఒక్క క్షణం చాలు. కానీ ఆ ఇరవై నాలుగు మొహాల్లో అప్పటికే ఒక వెలుగు కనిపిస్తోంది. నేను చూసి ఉంటానని వాళ్ళు అప్పటికే నమ్మేశారు. "చూసా" అన్నాను. "ఎట్టా ఉంటదండి?" అని నలుగురైదుగురు ఒకేసారి అడిగారు. "నీలంగా ఉంటుంది. సిరాబుడ్డి ఒలకబోసినట్టు ఉంటుంది" అన్నాను. అక్కడ ఆగినా బాగుండేది. "అలలు తాడిచెట్టంత లేస్తాయి" అన్నాను. "ఇసుక పంచదారలా ఉంటుంది" అన్నాను. ఆ మధ్యాహ్నం అన్నాల బెల్లు కొట్టాక రెండో తరగతి పిల్లలు మా గది గుమ్మం దగ్గర గుంపుగా నిలబడ్డారు, సముద్రం చూసిన టీచర్ని చూడటానికి. సాయంత్రం నేను బస్సుకి నడిచిపోతుంటే ఒక ముసలమ్మ చేయి అడ్డం పెట్టి ఆపి, "నువ్వేనంటగా సముద్రం చూసొచ్చింది? పిల్లముండవి, ఎంత ధైర్యమే తల్లీ!" అని నా బుగ్గలు పుణికింది. నాకు ఆ రాత్రి అన్నం సయించలేదు.

మర్నాడు ముక్కల మాస్టారు పిలిచారు. "అమ్మాయ్, రెండు వారాల్లో డిప్యూటీ గారు ఇన్‌స్పెక్షన్‌కి వస్తున్నారు. ఆయన పుస్తకాలు మూయించి అడుగుతారు. నీ ఖాళీ ఇంకో ఏడాది పొడిగించాలా వద్దా అనేది ఆయన రాసేదాన్ని బట్టి ఉంటుంది. పిల్లలు నోరు తెరవాలి."

"తెరుస్తారండి."

"తూము అని కాదు" అన్నారాయన (ఊళ్ళో వార్తలు ఆయన దగ్గరికి సుద్దముక్కల కన్నా త్వరగా వచ్చేవి).

నాకు దారి చూపించింది మళ్ళీ ఆ పిల్లే. విరామం వేళ బడి బోరింగు దగ్గర పారే వృథా నీళ్ళలో కూర్చుని, చేతుల్తో చిన్న చిన్న గట్లు వేస్తోంది. నీళ్ళు ఒక రాయి దగ్గర రెండుగా చీలి, రాయి చుట్టూ తిరిగి మళ్ళీ కలుసుకుంటున్నాయి. నేను ఆగిపోయాను. నాలుగు వైపులా నీళ్ళు ఉన్న భూభాగం! నేను వారం రోజులుగా నోరు నొప్పి పుట్టేలా వల్లె వేయిస్తున్న ద్వీపం, ఆ పిల్ల కాళ్ళ దగ్గర ఊరికే తయారై ఉంది. పక్కనే ఒక సన్నని పాయ రెండు గుంటల్ని కలుపుతోంది. అది జలసంధి. "ఎవరు నేర్పారే ఇదంతా?" అన్నాను. "ఎవరు నేర్పేదేముందండి, నీళ్ళే పోతయ్యండి. మనం అడ్డం రాకపోతే చాలండి" అంది.

మా బడి వెనక ఖాళీ జాగాలో మర్నాడే పని మొదలుపెట్టాం. ముగ్గుపిండితో నేను దేశపటం గీశాను. ఇంటి నుంచి పిల్లలు పారలు, పలుగులు తెచ్చారు. నేనూ ఒక పార పట్టుకున్నాను. "టీచర్, అట్టా పట్టుకోకండి, కాలి మీద పడుద్ది" అని సవర్ణదీర్ఘ సంధి కుర్రాడు నా చేతిలోంచి దాన్ని లాక్కున్నాడు. మూడు రోజుల్లో బంగాళాఖాతం తవ్వారు, అరేబియా సముద్రం తవ్వారు, కింద రెండూ కలిసేచోట హిందూ మహాసముద్రం. సింహళాన్ని మట్టికుప్పగా వదిలి, దానికీ మనకీ మధ్య పాక్ జలసంధి తీశారు. కృష్ణకి ఒక కాలవ, అందులో కలవడానికి మునేరుకి ఇంకో పిల్లకాలవ (ఏ పటంలోనూ మునేరు అంత వెడల్పుగా ఉండదు. కానీ దాన్ని సన్నగా తవ్వమంటే ఒక్కరూ ఒప్పుకోలేదు). నర్మద, తపతి తవ్వుదామంటే, "అవెక్కడియ్యండీ?" అని అడిగి, నా మీద జాలితో తవ్వారు.

నీళ్ళు కావాలి. బడి పక్కనున్న మిరప తోట ఆసామిని ఊరంతా 'ఇంజను బాబాయి' అనేవాళ్ళు. మున్నేటి నుంచి నీళ్ళు తోడే ఆయిల్ ఇంజను ఆ చుట్టుపక్కల మొదట కొన్నది ఆయనే, ఆ గర్వం ఆయన నడకలో ఇంకా ఉండేది. నేను వెళ్ళి అడిగితే చుట్ట నోట్లోంచి తీసి నా వైపు చూశాడు.

"మిరప తోటకి కట్టే నీళ్ళు తెచ్చి నీ సముద్రానికి కట్టమంటావా పంతులమ్మా?"

"ఒక్క పూట చాలు బాబాయి గారూ."

"ఏదీ, పద చూద్దాం" అని వచ్చి, గట్టు మీద నిలబడి మా భారతదేశాన్ని చాలాసేపు చూశాడు. చివరికి, "ఈ వాలు సరిపోదు. ఇట్టా ఉంటే కృష్ణ ఎదురు పారుద్ది" అని పంచె ఎగ్గట్టి, తనే పార తీసుకుని దక్కన్ పీఠభూమిని జానెడు ఎత్తు లేపాడు.

మొదటిసారి నీళ్ళు వదిలిన రోజు చెప్పుకోకపోవడమే మంచిది. సాయంత్రం నిండుగా ఉన్న సముద్రాలు పొద్దున వచ్చి చూస్తే లేవు. నల్లరేగడి నేల అన్నిటినీ తాగేసి, పెదాలు పగిలిన మొహంలా నోళ్ళు తెరుచుకుని ఉంది. ఇన్‌స్పెక్షన్ అయిదు రోజుల్లో ఉంది. నేను బంగాళాఖాతంలో కూర్చుని ఏడుపు ఆపుకుంటుంటే, తూము పిల్ల (అప్పటికే అందరం అలాగే పిలుస్తున్నాం) వచ్చి పక్కన గొంతుక్కూర్చుంది. "రేగడి తాగుద్దండి టీచర్. చెరువు అడుగు బంకమట్టి తెచ్చి, పేడ కలిపి తొక్కాలండి. మా నాన్న కాలవలకి అట్టాగే చేస్తాడండి" అంది. రెండు రోజులు ఇరవై నాలుగు మందీ వరసగా ఒకరి భుజం ఒకరు పట్టుకుని సముద్రాల అడుగున తొక్కారు. వాళ్ళు తొక్కుతూ పాడిన పాటలో "అందురూ" అనే మాట చాలాసార్లు వినిపించింది.

రెండోసారి నీళ్ళు వదిలినప్పుడు ఊళ్ళో సగం మంది వచ్చారు. బాబాయి ఇంజను తిప్పాడు. నీళ్ళు మునేరులోకి వచ్చాయి, మెల్లగా, ముందు మట్టిని నాకుతున్నట్టు, దారి అడుగుతున్నట్టు. మునేరు కృష్ణలో కలిసింది. కృష్ణ చివర పిల్లలు వేళ్ళతో చీల్చిన పాయలుగా విడిపోయి, డెల్టా అయి, బంగాళాఖాతంలోకి దిగింది. పిల్లలు నీళ్ళ వెంటే గట్టు మీద నడిచారు. నీళ్ళు దక్షిణానికి నడిచాయి, సింహళం చుట్టూ తిరిగాయి, అటు నుంచి వచ్చిన నీళ్ళూ ఇటు నుంచి వచ్చిన నీళ్ళూ చిన్న చప్పుడుతో కలుసుకున్నాయి. పుస్తకంలో ఏడు వాక్యాలుగా ఉన్నవి ఏడూ ఒక్కటేనని, ఒకే నీరు పోతూ పోతూ పేర్లు మార్చుకుంటోందని నాకు ఆ క్షణందాకా తెలియదు. బుగ్గలు పుణికిన ముసలమ్మ మా సముద్రం ముందు నిలబడి, చెప్పులు విడిచి, దణ్ణం పెట్టుకుంది.

ఇన్‌స్పెక్షన్ రోజు డిప్యూటీ గారు గొడుగు పట్టుకుని, సన్నగా, పలుచగా, పది గంటలకే వచ్చేశారు. నాలుగు లెక్కలు, రెండు పద్యాలు అడిగి, "సోషల్ టీచర్ ఏదో తయారుచేశారట" అన్నారు. ముక్కల మాస్టారు ముందు, ఆయన వెనక, నేను ఇంకా వెనక, నా వెనక ఇరవై నాలుగు మంది బడి వెనక్కి వెళ్ళాం. వెళ్ళి చూద్దుము కదా, ఇంజను బాబాయి గేదెలు రెండూ కట్టు తెంపుకుని వచ్చి, మా సముద్రంలో పడుకుని ఉన్నాయి. ఒకటి సరిగ్గా బంగాళాఖాతం నడిమధ్య, వీపు మాత్రం పైకి. ఇంకోటి ఒంటిని నీళ్ళల్లో ఉంచి, తలని మాత్రం ఆంధ్ర తీరం మీద పెట్టుకుని నెమరు వేస్తోంది. ముక్కల మాస్టారు జేబులో సుద్దముక్క టక్కుమని విరిగిన చప్పుడు నాకు వినిపించింది.

డిప్యూటీ గారు గొడుగు చివరతో నడిమధ్య గేదెని చూపించి, "ఇదేమిటి?" అన్నారు.

నా వెనక నుంచి సవర్ణదీర్ఘ సంధి కుర్రాడు ఒక్క ఉదుటున ముందుకొచ్చి, చేతులు కట్టుకుని, "ద్వీపం అండి! నాలుగు వైపులా నీళ్ళు కలదు" అన్నాడు.

"మరి అది?"

"ద్వీపకల్పం అండి. మూడు వైపులా నీళ్ళు, ఒక వైపు భూమి కలదు."

డిప్యూటీ గారి మీసం కదిలింది. ఆయన నవ్వలేదు కానీ, చెప్పులు విడిచి గట్టు దిగి వచ్చారు. "జలసంధి ఎవరు చూపిస్తారు?" తూము పిల్ల నీళ్ళలోకి దిగి, సింహళానికీ మనకీ మధ్య పాదం అడ్డంగా పెట్టింది. "ఇదిగోండి. ఇక్కడ కాలు పెడితే అటు నీళ్ళు ఇటు రావండి. తీస్తే రెండు సముద్రాలూ కలుస్తయ్యండి" అని కాలు తీసింది. నీళ్ళు కలిశాయి. డిప్యూటీ గారు వంగి ఆ చోటు చూశారు. "నువ్వేమైనా అడుగుతావా?" అన్నారు. అడక్క మానుతుందా! "సముద్రం నిండితే అలుగు ఎటు పారుద్దండి?" అంది.

ఆయన గొడుగు ఎత్తి, నిటారుగా ఆకాశానికి చూపించారు. అందరం తలలు పైకెత్తాం. ఒకే ఒక్క తెల్ల మబ్బు, మున్నేటి మీదుగా నెమ్మదిగా పోతోంది. "ఎండకి ఆవిరై అటు పారుతుందమ్మా. మళ్ళీ మీ ఊరి మీద కురుస్తుంది" అన్నారు. ఆ పిల్ల మబ్బుని చూసింది, మునేరు వైపు చూసింది, నోరు తెరిచింది, ఏమీ అనలేదు. దాని దగ్గర ప్రశ్న అయిపోవడం నేను చూడటం అదే మొదటిసారి.

అక్కడితో అయిపోతే నేను గట్టెక్కేదాన్ని. కానీ డిప్యూటీ గారు నా వైపు తిరిగి, "ఇంత శ్రద్ధగా చేశావు, సముద్రం బాగా ఎరిగినదానిలా ఉన్నావే. ఎక్కడ చూశావమ్మా?" అన్నారు. ఇరవై నాలుగు మొహాలూ నా బదులు తామే చెప్పేసేంత సంబరంతో వెలిగిపోతున్నాయి. ఒక్క ఊరి పేరు చెబితే చాలు. నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఆ పిల్లలు రెండు రోజులు పేడలో నిలబడి తొక్కిన అడుగు మీద నిలిచిన నీళ్ళు నా ముందున్నాయి. వాటిని చూస్తూ ఇంకో అబద్ధం నా నోట రాలేదు.

"చూడలేదండి" అన్నాను. "చూశానని పిల్లలకి అబద్ధం చెప్పానండి."

గేదె ఒకటి చెవి విదిలించింది. ముక్కల మాస్టారు నేల చూపులు చూస్తున్నారు. నా కళ్ళ నిండా నీళ్ళు. అప్పుడు తూము పిల్ల నా కొంగు చివర పట్టుకుని, "పోన్లెండి టీచర్. మేమూ చూడలేదు గదండీ. అందరం కలిసి పోదామండి" అంది. ఏదో పక్క ఊరి సంతకి పోదామన్నంత తేలిగ్గా అంది. డిప్యూటీ గారు రిపోర్టులో ఏం రాశారో నాకు చూపించలేదు కానీ, నా ఖాళీ ఇంకో ఏడాది పొడిగించారు.

ఆ పిల్ల తేలిగ్గా అన్న మాట ఊరుకోలేదు. ఇంజను బాబాయి గేదెల తప్పు తన మీద వేసుకుని, తన బావమరిది లారీ మాట్లాడాడు. ముక్త్యాల వైపు రాళ్ళు తోలే లారీ అది. కడిగి, గడ్డి పరిచి, సంక్రాంతి దాటిన ఒక ఆదివారం కోడి కూయకముందే ఏడో తరగతిని ఎక్కించాం. ముక్కల మాస్టారు ముందు సీట్లో, బాబాయి, నేను వెనక పిల్లలతో. మా అమ్మకి మాత్రం బందరులో ఉపాధ్యాయుల మీటింగు అని చెప్పాను (అబద్ధాలు మానేశానని నేనెక్కడా అనలేదు). బందరు దాటి మంగినపూడి దగ్గర సరుగుడు తోటల ముందు లారీ ఆగింది. చెట్ల అవతల నుంచి ఒకటే హోరు. బాబాయి చెవి రిక్కించి, "ఎవరిదో పెద్ద ఇంజనే. ఎన్ని గుర్రాలదో! ఆపకుండా ఆడిస్తన్నాడు" అన్నాడు మెచ్చుకోలుగా.

చెట్లు దాటాం.

నేను ఎన్నేళ్ళుగానో ఆ క్షణాన్ని మాటల్లో పెట్టాలని చూస్తున్నాను, కుదరదు. కళ్ళకి అలవాటైన అంచు అంటూ ఒకటి ఉంటుంది, చెట్టో, కొండో, ఇంటి కప్పో. అది లేదు. చూపు పోయి పోయి ఎక్కడా ఆగలేక తిరిగి వచ్చేసింది. ఇరవై నాలుగు మందీ చేతులు ఒకరివి ఒకరు పట్టుకుని నిలబడిపోయారు. "ఇంజను కాదు" అన్నాడు బాబాయి, చాలా చిన్న గొంతుతో. కాసేపటికి చుట్ట తీసి పారేసి, వంగి దోసిలి పట్టి నోట్లో పోసుకుని, థూ అని ఉమ్మేసి, "ఇన్ని నీళ్ళు! ఇన్ని నీళ్ళుండి ఒక్క మిరపమొక్కకి పనికిరావే!" అన్నాడు. ఆయన కళ్ళు చెమర్చాయి. ఉప్పు వల్లనే అన్నాడు.

సముద్రం నేను చెప్పినట్టు నీలంగా లేదు. దూరాన ఉందేమో కానీ ఒడ్డు దగ్గర మా మునేరు వరద నీళ్ళలా బూడిద రంగులో ఉంది. ఇసుక పంచదారలా లేదు. తూము పిల్ల మోకాళ్ళ దాకా దిగి, కింద నుంచి గుప్పెడు మట్టి తీసి, వేళ్ళతో నలిపి, వాసన చూసి, పరిగెత్తుకొచ్చింది. "టీచర్, ఇది మన రేగడేనండి!" నల్లటి బురద. నేనూ నలిపి చూశాను. మా బడి వెనక మూడు రోజులు తవ్విన మట్టిని నా చేతులు గుర్తుపట్టాయి. ఎన్ని వందల ఏళ్ళుగా, ఎన్ని వానలకి, ఎవరెవరి పొలాల గట్లు కరిగి, ఎన్ని ఏర్లు దాటి వచ్చిందో అది. మాకంటే ముందే మా ఊరు వచ్చి అక్కడ కూర్చుని ఉంది.

ముక్కల మాస్టారు పంచె ఎత్తిపట్టుకుని, చీలమండల దాకా నీళ్ళలో, ఒంటరిగా నిలబడి ఉన్నారు. పక్కకి వెళ్ళాను. "ముప్పై ఏళ్ళుగా ఈ పాఠం చెబుతున్నానమ్మా" అన్నారు, అలల మీంచి చూపు తిప్పకుండానే. "నేనూ చూడలేదు. ఏ పిల్లవాడూ నన్ను చూశారా అని అడగలేదు." ఇంతలో తూము పిల్ల వచ్చి మా ఇద్దరి చేతులూ పట్టుకుని లోపలికి లాగింది. "అల వచ్చేటప్పుడు మడాలు ఆనించి నిలబడండి టీచర్" అని చెబుతూనే ఉంది. అల వచ్చింది. వెనక్కి పోతూ పోతూ నా అరికాళ్ళ కింద మట్టిని చల్లగా తోడేసింది. నా మొత్తం ఇరవై రెండేళ్ళ జాగ్రత్తతో సహా నేను సముద్రంలో చతికిలబడ్డాను. మింగిన నీళ్ళు ముక్కులోంచి వచ్చాయి. కళ్ళు తుడుచుకుని చూస్తే ముక్కల మాస్టారు నా పక్కనే కూలబడి, టోపీలా తల మీద పడిన కండువాతో, పగలబడి నవ్వుతున్నారు. ఆయనకి నవ్వు వచ్చని మా బడిలో ఎవరికీ అప్పటిదాకా తెలియదు.

తిరిగి వచ్చేటప్పుడు పిల్లలు గడ్డి మీద ఒకరి మీద ఒకరు పడి నిద్రపోయారు. నా చీర ఎండి, ఉప్పు తేలి, అట్టలా బిగుసుకుపోయింది. బెజవాడ దాటి, కంచికచర్ల దాటి, కీసర వంతెన మీదికి లారీ వచ్చేసరికి పొద్దు వాలుతోంది. కింద మునేరు ఇసుకలో సన్నగా, ఎర్రగా మెరుస్తోంది. తూము పిల్ల ఒక్కతే మేలుకుని ఉంది. లారీ పక్కచెక్క పట్టుకుని లేచి నిలబడి, కిందికి తొంగి చూసింది.

"ఇది ఇంకా పోవాల గదండీ అక్కడికి" అంది.

"పోవాలి" అన్నాను.

"మనం వచ్చేసాం. అది ఇప్పుడు పోతంది" అంది ఆశ్చర్యంగా. తర్వాత చెయ్యి బయటికి చాపి, బస్సెక్కించిన చుట్టాలకి ఊపినట్టు, వంతెన అయిపోయేదాకా మునేరుకి చెయ్యి ఊపుతూనే ఉంది.

ఆ తర్వాత నేను చాలా ఊళ్ళలో పనిచేశాను, చాలా సముద్రాలు చూశాను, నీలంగా ఉన్నవి కూడా. రిటైరై కూడా కొన్నేళ్ళయింది. ఇప్పటికీ బెజవాడ నుంచి వస్తూ కీసర దగ్గరికి రాగానే కిటికీ వైపు జరుగుతాను. పెద్దదాన్ని కదా, చెయ్యి ఊపితే బాగుండదని ఒళ్ళో చేతులు పెట్టుకుని బుద్ధిగానే కూర్చుంటాను. మొన్న మాత్రం పక్క సీట్లో అమ్మాయి, "ఎవరికండీ ఆంటీ, చెయ్యి ఊపుతున్నారు?" అని అడిగింది.